చైనా పడుగు, హిందూపురం పేక

ప్రపంచ వాణిజ్యాన్ని కొంతకాలం నేనే నడిపాను. మా వీధి కాఫీ హోటల్లో ఈ మాట అంటే ఎవరూ కాదనరు. కాఫీ తాగించేది నేను కాబట్టి. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం కాస్త తగ్గించుకోవాలి. నడపలేదు. అది నడుస్తుంటే పక్కన నిలబడి చూశాను. నిలబడిన చోటు హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్.

ఈమధ్య మా పట్టుపరిశ్రమ శాఖలో కొత్తగా ఉద్యోగం వచ్చిన ఒకమ్మాయి ఇంటికొచ్చి, "సార్, మార్కెట్ ఆఫీసరుగా అసలు చేయాల్సిన పని ఏమిటి?" అని అడిగింది. తూకం, వేలం, రశీదు అని చెప్పి పంపించేశాను. ఆ పిల్ల గేటు దాటాక సిగ్గేసింది. అవి ఎవరైనా వారంలో నేర్చుకుంటారు. నాకు ఉద్యోగమంతా పట్టినా పూర్తిగా అంతుబట్టనిది ఇంకొకటుంది. దాని గురించి ఆ అమ్మాయి కోసం, ఆమె వెనకాల రాబోయే వాళ్ళ కోసం రాస్తున్నాను. నా ప్రమోషన్ల ఊసు ఎత్తను. అవి వచ్చిన తీరు చూస్తే ఎవరికీ ఉత్సాహం రాదు.

గూడు ఆగదు

మొట్టమొదట ఇది తెలుసుకోండి. పట్టుపురుగు గూడు కట్టుకున్నాక రైతు చేతిలో ఉండేవి కొద్ది రోజులే. ఆ తర్వాత లోపలి పురుగుకు రెక్కలొచ్చి, గూటికి బెజ్జం చేసుకుని బయటికొస్తుంది. బెజ్జం పడిన గూటి నుంచి తెగని దారం రాదు. అంతవరకు పడిన కష్టం అక్కడితో సరి.

ఓడలు ఆగుతాయి. కేసులు వాయిదా పడతాయి. దేశదేశాల మంత్రులు ఒకచోట చేరి, ఏమీ తేల్చుకోక, మళ్ళీ కలుద్దామని విమానాలెక్కుతారు. గూడు మాత్రం ఆగదు. ఎక్కడ ఏం జరిగినా మా రైతు ఆరోజు పలికిన ధరకే ఇచ్చి పోవాలి.

తెల్లవారేసరికి మడకశిర, అమరాపురం వైపు నుంచి, గాండ్లపెంట నుంచి, పెనుకొండ పల్లెల నుంచి గోతాలు దిగేవి. రైతులు గూళ్ళను తొట్లలో పోసేవాళ్ళు. మా ప్రాంతపు గూడు లేత పసుపు రంగు. హాలంతా పసుపు ఆరబోసినట్టుండేది. దారం తీసే రీలర్లు వచ్చి గుప్పెడు గూళ్ళు తీసి, చెవి దగ్గర ఊపి, లోపలి పురుగు చప్పుడు విని ధర కట్టేవాళ్ళు. ఆ గుప్పెటకు, సముద్రాల అవతల ఒక గదిలో కూర్చున్న మనుషులకు సంబంధం ఉందని నమ్మడానికి నాకు చాలాకాలం పట్టింది.

అలా వచ్చే రైతుల్లో అంజినమ్మ ఒకతె. పెనుకొండ దగ్గర పల్లె. బోరు కింద రెండు మడుల మల్బరీ తోట. భర్త బెంగుళూరులో ఇళ్ళు కట్టే పనికి పోయాడు. తోట గిట్టుబాటైతే ఆయన తిరిగొస్తాడు. కాకపోతే ఆమె, పిల్లలు కూడా తట్టాబుట్టా సర్దుకుని ఆయన దగ్గరికే పోవాలి. చైనా నూలు చవకగా దిగి, మా గూళ్ళ ధర పడిపోయిన ఏడాది ఆమె నాతో అంది:

"ఈ పంట చూస్తా సార్. రేటు రాలేదంటే ట్రాక్టరు పిలిపించి మోళ్ళతో సహా పెరికేపిస్తా."

"పెరికేసి ఏం చేస్తావమ్మా?"

"ఏముండాది, బెంగుళూరులో ఇటుకలు మోసేదే. ఇటుకైతే రెక్కలొచ్చి ఎగిరిపోదు గదా."

"నేనుండగా నీ తోట ఎవరు పెరికిస్తారు అంజినమ్మా. ఢిల్లీలో మాట్లాడొచ్చినోణ్ణి."

"ఢిల్లీవోళ్ళు మల్బరీ ఆకు ఎట్లుంటాదో ఎప్పుడన్నా చూసినారా సార్?" అని, జవాబు కోసం ఆగకుండా ఖాళీ గోతాలు మడుచుకుంది.

ఢిల్లీలో నా ఉపన్యాసం

ఢిల్లీ సంగతి చెప్పాలి. అప్పటి మా పై అధికారి హుసేన్ సారు. మాట తక్కువ మనిషి. నేనెంత పెద్ద కబురు మోసుకొచ్చినా, "ధర ఈడ పుట్టదప్పా. ఈడ చెప్పుకుంటారు, అంతే" అనేవాడు. మార్కెట్లో నేను కూర్చుని ధరలు శాసిస్తున్నాననుకునే రోజులవి. ఆ మాట నాకు నచ్చేది కాదు.

దిగుమతయ్యే పట్టునూలు మీద అదనపు సుంకం వేయాలా వద్దా అని విచారణ వచ్చింది. ఒక దేశం తన ఇంట్లో అమ్ముకునే ధర కన్నా తక్కువకు సరుకును పరదేశంలో గుమ్మరిస్తే, నష్టపోయిన దేశం అలాంటి సుంకం వేసుకోవచ్చని దేశాలన్నీ కలిసి రాసుకున్న నియమం ఉంది. నష్టపోయామని నిరూపించాలి. నిరూపించడానికి మార్కెట్ నుంచి ఒక మనిషి కావాలి.

"ఏమప్పా ఓబుళేసూ, కోటుండాదా నీకు?" అన్నాడు సారు.

"లేదు సార్."

"స్వెటరేసుకొని పో. మాట్లాడమంటే రెండు ముక్కలు మాట్లాడు. యుద్ధం గెలిచినోని మాదిరి రావాకు."

నేను లేచి మాట్లాడితే ఆ గది నిశ్శబ్దమైపోయింది. ఈ వాక్యం మా బంధువులందరికీ కంఠస్థం. నిజంగానే నిశ్శబ్దమైంది. నా ముందున్న మైకు పని చేయలేదు. నేనింకా మొదలుపెట్టలేదని అందరూ ఓపిగ్గా ఎదురుచూశారు. మైకు బాగుచేసేసరికి నా ప్రసంగం అయిపోయింది.

మైకు వచ్చాక దిగుమతిదారుల తరఫు లాయరమ్మ, చిన్న వయసు మనిషి, చాలా మర్యాదగా ఒక ప్రశ్న వేసింది. "మీ జిల్లాలోనే ధర్మవరం ఉంది కదా. అక్కడి నేతగాళ్ళు ఈ సుంకం కావాలంటున్నారా?"

"వాళ్ళూ మావాళ్ళేనండి" అన్నాను.

అది జవాబు కాదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆమె రాసుకుని కూర్చుంది. ధర్మవరం, మా ఊరు ఒకే జిల్లా, ఒకే రైలు దారి. పెనుకొండ మీదుగా ఓ పూట ప్రయాణం కూడా కాదు. పెళ్ళిచీరలకు ఎన్నోసార్లు వెళ్ళాను. మా గూళ్ళ నుంచి తీసిన దారం చివరికి చేరేది ఆ ఊరికేనని తెలిసి కూడా, అక్కడొక మగ్గం ముందు కూర్చుని 'మీకేం కావాలి' అని అడిగిన పాపాన పోలేదు. హిందూపురం ముఖం చూడని ఆ లాయరమ్మకు నా జిల్లాలో ఎవరు ఎటు లాగుతున్నారో తెలుసు. తిరుగు రైల్లో నాకు కోపం రాలేదు. ఆశ్చర్యం వేసింది. ఇంత పెద్ద దేశంలో మా రెండు ఊళ్ళ మధ్య బిగుసుకున్న దారం అంత దూరానికి కనిపిస్తోందే అనిపించింది.

బొరుగులు పంచిన రోజు

అంజినమ్మ పంట మీదున్న రోజుల్లోనే ఒక కబురు వచ్చింది. చైనా నూలు ఓడరేవులో నిలిచిపోయిందట. కాగితాల్లో ఒక దేశం పేరుంటే దారం వాలకం ఇంకో దేశానిదిలా ఉందట. తేలేదాకా వదలరట. ఢిల్లీ నుంచి వచ్చాక నేను పైకి రాసిన అర్జీ వల్లే ఆగిందని మార్కెట్లో చెప్పుకున్నాను. నా అర్జీ అప్పటికింకా అనంతపురం దాటలేదు. ఆ సంగతి తరువాత తెలిసింది, తెలిశాక కూడా కొంతకాలం ఎవరికీ చెప్పలేదు.

రైతులు మూట బొరుగులు తెప్పించారు. ఉల్లిపాయలు తరిగి, మిక్చరు కలిపి, హాలంతా పంచారు. బయటి నూలు ఆగిందంటే ఆ చోట మన నూలే కొంటారని అందరి నమ్మకం. గూడు గురించి మాకు తెలియనిది లేదు. దాన్ని ఊపితే బరువు చెప్పగలం. అయితే గూడు గడప దాటాక ఏమవుతుందో చూసినవాళ్ళం కాము. అలాంటి పొరపాటు మాలాంటి వాళ్ళే చేయగలరు. నేను రెండు పొట్లాలు తిన్నాను. హుసేన్ సారు మాత్రం తీసుకోలేదు.

"పండ్లు బాగలేవప్పా" అన్నాడు.

ఆయన పళ్ళకేమీ కాలేదని కొద్ది రోజుల్లోనే అర్థమైంది. ధర పెరగలేదు. మొదట రీలర్లు వేలంలో తక్కువ పాడారు. తరువాత కొందరు రావడం మానేశారు. అంజినమ్మ తన గూళ్ళు తెచ్చి తొట్టిలో పోసిన రోజు వచ్చిన కొద్దిమందీ ఊపి చూశారు, మంచి గూడే అన్నారు, పాడకుండా పోయారు. గూళ్ళు కట్టి అప్పటికే రోజులయ్యాయి. ఇంక ఆలస్యమైతే రెక్కలొస్తాయి.

"ఏం సార్, చైనాది ఆపినావంటివే?"

"ఆగింది కదమ్మా."

"అది ఆగితే నాదెందుకు ఆగె?"

ఆమే దారి చూపించింది. "మా తమ్ముడు నాగరాజు ధర్మవరంలో నేస్తాడు. మగ్గం నిలిచిపోయిందని పొద్దన ఫోను చేసినాడు. పోయి చూసి రాపోండి."

నేను, హుసేన్ సారు మధ్యాహ్నం రైలెక్కాం. ఉద్యోగంలో చేరాక పనిమీద ధర్మవరం పోవడం నాకదే మొదలు.

ధర్మవరం వీధిలో

ధర్మవరంలో నేతగాళ్ళ వీధికి కళ్ళు మూసుకుని పోవచ్చు. మగ్గాల చప్పుడే దారి చూపిస్తుంది. ఆరోజు చప్పుడు లేదు. గడపల్లో మగవాళ్ళు ఊరికే కూర్చుని ఉన్నారు. పనిలేని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొందరు మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు.

నాగరాజు మమ్మల్ని మగ్గం గుంత దగ్గరికి తీసుకుపోయాడు. మగ్గం మీద ఏమీ లేదు.

"కూర్చోండి సార్. చీర చూపిద్దామంటే చీరే లేదు."

"మా నూలు ఉంది కదప్పా, దాంతో నేయొచ్చు కదా" అన్నాను.

అతను నవ్వలేదు. గోడ గూట్లోంచి మా పసుపు నూలు కండె ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది పేకకు సార్. అడ్డానికి. మెత్తగా, నిండుగా ఉంటాది, దీని అందం దీనిది. నిలువు దారం పడుగు. మగ్గం లాగే లాగుడంతా అది ఓర్చుకోవాల. ఈడనుంచి ఆడిదాకా ఒకే సన్నన ఉండాల. దానికి మేము వాడేది చైనాదే. పడుగు లేకుంటే ఈ పేకను యాడ నేసేది?"

హుసేన్ సారు కింద చతికిలబడి, ఖాళీ మగ్గం వైపు చాలాసేపు చూశాడు. "చూసినావా ఓబుళేసూ. మనం పగోడనుకున్నోడు మన చీరలో నిలువున ఉండాడు" అన్నాడు.

నా జీవితంలో కొండలు, సముద్రం, ఢిల్లీ అన్నీ చూశాను. అంత విస్తుపోయింది మాత్రం ఆ ఖాళీ మగ్గం ముందే. చైనాలో ఏదో పల్లెలో అంజినమ్మ లాంటి ఒకామె ఆకు కోసి పురుగును సాకుతుంది. అంజినమ్మ ఇక్కడ సాకుతుంది. ఇద్దరి దారాలూ నాగరాజు చేతిలో ఒకదాని మీదొకటి ఎక్కి, ఎవరి పెళ్ళికో చీరవుతాయి. వాళ్ళెవరూ ఒకరినొకరు ఎరగరు. ఒకరి కడుపు కొట్టకుండా ఇంకొకరిని కాపాడే దారి ఏమిటో నాకూ తెలియదు. సుంకం వేయకపోతే అక్క తోట పోతుంది. నూలు ఆపేస్తే తమ్ముడి మగ్గం ఆగుతుంది, దాని వెనకే అక్క తోటా పోతుంది. ఢిల్లీ విచారణలో మా పట్టు రైతుల సంఘం వాదిగా, ఆ ఊరి నేతగాళ్ళ సంఘం ప్రతివాదిగా ఉన్నాయి. అక్కాతమ్ముళ్ళు ఎదురెదురు పక్షాల్లో ఉన్నారని ఆ ఇద్దరికీ తెలియదు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పనీయండి. ఈ నియమాలు రాసేవాళ్ళను తిట్టడం సులువు, నేనూ తిట్టాను. నూలు మీద సుంకం వేస్తే అది బట్టగా మారి వస్తుంది. బట్ట మీద వేస్తే మూడో దేశం తిరిగి, కొత్త పేరు పెట్టుకుని వస్తుంది. జెనీవాలో దేశాల తగవులు తీర్చడానికి పెట్టుకున్న పెద్ద పంచాయితీలో అప్పీలు వినే పీఠం ఏళ్ళుగా ఖాళీగా ఉంది. సభ్యుల్ని నియమించడానికి అందరూ ఒప్పుకోవాలి, ఒప్పుకోవడం లేదు. ఆ ఖాళీలో బలమున్న దేశం తనకు తోచిన సుంకం తాను వేసుకుంటోంది. బలం లేనివాడు ఎక్కడికి పోయి చెప్పుకోవాలి? నియమాలే వద్దనేవాళ్ళు మన ఊళ్ళలో కూడా పెరిగారు. వాళ్ళు ధర్మవరం వీధి చూడలేదు. నియమం చెడ్డదైతే దాన్ని మార్చమని అరవొచ్చు. అసలు లేకపోతే ఎవరి మీద అరుస్తాం?

అయితే నియమం ఒక్క చివర నుంచి చూసి రాస్తే ఏమవుతుందో కూడా ఆ రోజే చూశాను. బాబూ, తల్లీ, మీ మార్కెట్లో ధర పడితే ముందు వేలం పుస్తకం తెరవకండి. రైలెక్కి మీ గూడు దారమై చేరే ఊరికి పోండి. నేను చివరన నేర్చుకున్నది మీరు మొదటి నెలలోనే నేర్చుకోండి.

వేడి గది

నాగరాజు మాతోనే హిందూపురం వచ్చాడు. తెల్లవారి మేం మార్కెట్లోకి అడుగుపెట్టేసరికి అంజినమ్మ తొట్టి పక్కనే ఉంది. గూళ్ళు వేడెక్కకుండా మాటిమాటికీ చేత్తో పలచగా పరుస్తోంది.

ఒక్కటే ఉపాయం మిగిలింది. మార్కెట్ వెనకాల వేడి గది ఉంది. గూళ్ళను అందులో పెట్టి వేడిగాలి ఆడిస్తే లోపలి పురుగు చనిపోతుంది, గూడు చెడదు. నెలల తరబడి దాచి, పడుగు నూలు వచ్చి మగ్గాలు కదిలాక అమ్ముకోవచ్చు. ఆ గదిని వాడేది రీలర్లు. మా రైతులు దాని గడప తొక్కరు. ఎందుకో మీరు వాళ్ళ పురుగుల షెడ్డు చూస్తే తెలుస్తుంది. చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి పోతారు. పురుగు పొర విడవడానికి కదలకుండా పడుకుంటే 'జ్వరానికి పడింది' అంటారు, లేస్తే 'లేచింది' అంటారు. జ్వరంలో ఉన్నప్పుడు షెడ్డులో గట్టిగా మాట్లాడరు కూడా. అలా సాకినవాళ్ళ పని గూడు వరకే. ఆ తర్వాత జరిగేది తమ కంటి ముందు జరగకూడదు.

హుసేన్ సారు సంగతి వివరించి, గదిని ఆమె కోసం తెరిపిస్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాలుగు జ్వరాలు దాటించినా సార్. నా చేత్తో నేనే కాల్చేదా?"

"అమ్మితే రీలరు చేసేది అదే కదమ్మా" అన్నాను.

"అది వాని చెయ్యి."

కాసేపటికి ఆమె ఫోను మోగింది. ట్రాక్టరు అతను. కోత అయిపోయిన మడిలో మోళ్ళు పెరకడానికి ఎప్పుడు రమ్మంటావని అడుగుతున్నాడు. "చెప్తాలేప్పా, ఉండు" అని పెట్టేసింది.

అప్పుడు నాగరాజు తొట్టి దగ్గరికొచ్చాడు. ఊహ తెలిసినప్పటి నుంచి పట్టు నేసిన మనిషి. లోపల పురుగున్న గూటిని చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి అని అతనే చెప్పాడు. రీలర్లు చేసినట్టే చెవి దగ్గర ఊపాడు. ఊపడం ఆపి, అక్కవైపు చూశాడు.

"అక్కా, దీంట్లో జీవముండాది."

"ఉండకేం. అదే గదరా కట్టుకునింది."

"నేను నేసిందంతా ఇదేనా?"

"అడ్డానిది మాదేనంట గదా. నువ్వే చెప్పినావు సార్లకు."

అతను చొక్కా చేతులు మడిచాడు. "నువ్వు ఈడే కూర్చో. నేను పెడతా" అన్నాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. ఒక్కో తట్ట నింపుకుని వేడి గదికి మోశాడు. అంజినమ్మ అటు వీపు పెట్టి, ఖాళీ అవుతున్న తొట్టివైపు కూర్చుంది. తట్ట కింద పెట్టి మళ్ళీ నింపుకునేటప్పుడల్లా అతను ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు, పిల్లల చదువు గురించో, ఊళ్ళో పెళ్ళి గురించో. ఆమె 'ఊఁ' అంటూ ఉంది. గది తలుపు పడ్డ చప్పుడుకు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. పక్కన నిలబడ్డాను. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన గొప్పలన్నీ పోయి, సుంకాలు, ఓడలు, విచారణలు అన్నీ పోయి, నా ముందు ఆ ఇద్దరే మిగిలారు. ఇంత పెద్ద ప్రపంచం తన బరువంతా తెచ్చి ఆ తట్ట మీద పెట్టింది. అతను దాన్ని మోస్తున్నాడు.

పని ముగిశాక నాగరాజు వచ్చి అక్క పక్కన అరుగు మీద కూర్చున్నాడు. ఓడరేవులో సరుకు ఎప్పుడు వదులుతారో తెలియదు. వదిలాక ఈ ఎండిన గూళ్ళకు ఏ రేటు పలుకుతుందో తెలియదు. అతనూ చెప్పలేడు, సారూ చెప్పలేడు. నేను చెప్పగలనని ఒకప్పుడు నమ్మించేవాణ్ణి.

ఆమె ఫోను తీసి ట్రాక్టరు అతనికి చేసింది.

"ఈ పొద్దు రావద్దులేప్పా. రేపూ వద్దు."

ఫోను పెట్టి నావైపు తిరిగింది. "సార్, పై మడిలో ఆకు తయారై ఉండాది. కొత్త పురుగులు ఎప్పుడిస్తారు?"

"సోమవారం" అన్నాను.